ఈసారి ఎవరి వంతు

మా టీంలో పని చేతకాని మనిషి ఒక్కరు కూడా లేరు. అయినా ఏడాదికొకరు చేతకానివాళ్ళుగా తేలాల్సిందే. కంపెనీ పద్ధతి అలాంటిది. అందరూ ఎంత బాగా చేసినా ప్రతి టీంలోనూ ఒకరికి అట్టడుగు రేటింగ్ ఇవ్వాలి. ఇవ్వకపోతే పైవాళ్ళు ఒప్పుకోరు. "మీ దగ్గర అందరూ మహానుభావులేనా?" అని టీం లీడ్‌ను నిలదీస్తారు.

మా లీడ్ కూకట్‌పల్లిలో ఉండే కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. ఎవరి మనసూ నొప్పించలేడు. ఆ నొప్పించలేకపోవడమే చివరికి కొంప ముంచింది. మొదటి ఏడాది ఎవరికివ్వాలో తేల్చుకోలేక మా అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, "నన్నడగొద్దండి. మీలో మీరే అనుకుని ఒక పేరు చెప్పండి, వాళ్ళకే ఇచ్చేస్తాను" అన్నాడు. మేము అనుకున్నాం. వంతులు పెట్టుకున్నాం. ఈ ఏడు ఒకరైతే వచ్చే ఏడు ఇంకొకరు. అట్టడుగు రేటింగ్ వస్తే ఆ ఏడాది జీతం పెరగదు, అంతే కదా, తలా ఓసారి భరిస్తే పోతుందనుకున్నాం.

దానికో ఆచారం కూడా పుట్టింది. రేటింగులు వచ్చిన రోజు మధ్యాహ్నం, వంతు పడిన మనిషిని మిగతావాళ్ళం బిర్యానీకి తీసుకెళ్ళేవాళ్ళం. లెగ్ పీసులన్నీ ఆ మనిషి ప్లేట్లోకే. "మేకను బాగా మేపండ్రా" అని ఆటపట్టించేవాళ్ళం. పక్క టీంల వాళ్ళు ఆ రోజున ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. క్యాంటీన్‌లో కూడా విడివిడిగా కూర్చునేవాళ్ళు. మేము మాత్రం కొత్తగూడలో నవ్వుకుంటూ తినేవాళ్ళం. నాకు భలే గర్వంగా ఉండేది. వంతుల సంగతి మొదట ఎవరు అన్నారో గుర్తులేదు గానీ దాని తరఫున అందరికన్నా గట్టిగా వాదించింది నేనే. నాకు నోరెక్కువ. మా ఇంట్లో అందరికీ ఎక్కువే, నాన్నకు తప్ప.

నాన్నది నార్సింగి. ఇప్పుడు అంతస్తుల మీద అంతస్తులు లేచిన నార్సింగి కాదు, వెనక పాత ఊరు మిగిలి ఉందే, అది. ఔటర్ రింగ్ రోడ్ రాకముందే ఉన్న కొద్దిపాటి పొలం పోయింది. తరువాత చాలా ఏళ్ళు స్కూల్ బస్సు నడిపాడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఈ వంతుల సంగతి చెబితే, తింటున్న చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

"గదేంది బిడ్డా, మంచిగ చేసినోళ్ళకు చెడ్డ మార్కులేంది?"

"గట్లనే ఉంటది నాయినా. ఎవరో ఒకరికి పడాలె. మేం పంచుకుంటున్నం."

"పంచుకునుడు మంచిదే" అన్నాడు. మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

ఆ ఏడాది వంతు నా స్నేహితురాలిది. నా పక్క సీటు ఆమెదే. కూకట్‌పల్లిలో కాపురం, వాళ్ళది కోస్తా. నా డబ్బాలో తొక్కు ఆమె తింటే, ఆమె డబ్బాలో పప్పుచారు నేను తాగేదాన్ని. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. ముందు రెండుసార్లు నిలవలేదు. డాక్టరమ్మ ఏ దిగులూ పెట్టుకోవద్దంది. రేటింగుల రోజు దగ్గరపడేకొద్దీ ఆమె అన్నం కెలకడమే గానీ తినడం మానేసింది. "నీ మాటే కదా, వంతు వంతే, నేను తీసుకుంటానులే" అనేది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే.

నాకు చూడబుద్ధి కాలేదు. లీడ్ దగ్గరికి వెళ్ళి, "ఈసారి నా పేరు పెట్టండి, ఆమెది వచ్చే ఏడాది చూసుకుందాం" అన్నాను. ఆయన, "ఎంత మంచి మనసండీ మీది" అన్నాడు. టీమంతా చప్పట్లు కొట్టారు. బిర్యానీ దగ్గర నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇంటికెళ్ళేదాకా నేను నేల మీద నడవలేదు. మంచితనం అంటే నా సొత్తు అన్నట్టే ఉంది నాకు ఆ రోజు. నాకు అప్పు లేదు, పెళ్ళి గోల లేదు, నాన్న రాయిలా ఉన్నాడు, అని నేను ఆలోచించనే లేదు. ఆలోచించాల్సిన అవసరం పడలేదు.

తరువాత వానాకాలంలో నాన్న కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టక, మడమ బయటికి వదిలి నడుస్తుంటే చూశాను. "వయసు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. మొహం కూడా ఉబ్బాక గానీ దవాఖానకు రాలేదు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. బీపీ ఎన్నేళ్ళుగా ఉందో ఎవరికి తెలుసు! ఆయన ఏనాడూ చూపించుకోలేదు, నేను ఏనాడూ తీసుకుపోలేదు. ఇక వారానికి మూడుసార్లు డయాలసిస్. మా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు కూడా ఉంటారు కాబట్టి, గచ్చిబౌలిలో ఒక మంచి ఆసుపత్రిలో మొదలుపెట్టించాను. ఏసీ హాలు, శుభ్రమైన దుప్పట్లు, చెప్పిన టైముకు మంచం. నాన్న అక్కడి నర్సులందరినీ వరసలు పెట్టి పిలిచేవాడు. ఇలాగైనా చాలా ఏళ్ళు బతుకుతారని డాక్టరు చెప్పాడు. మిషన్ తప్పకూడదు, అంతే.

నా స్నేహితురాలికి బాబు పుట్టాడు. నాన్నే పట్టుబట్టి నాతో ఉన్ని టోపీ పంపించాడు.

ఆ చలికాలంలోనే కంపెనీ మనుషులను తీసేయడం మొదలుపెట్టింది. ఎలా ఏరారంటే, కిందటిసారి అట్టడుగు రేటింగ్ వచ్చినవాళ్ళందరినీ వరసగా పిలిచారు. అంతే, ఇంకే విచారణా లేదు. హెచ్ఆర్ అమ్మాయి నవ్వు మొహంతో, ఎక్కడో నేర్చుకున్న మాటలు అప్పజెప్పింది. నేను వింటూ ఒకటే అడిగాను: ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుందని. ఆఖరి పనిరోజు దాకా అంది. ఏమైనా చెప్పుకోవాలంటే ఈ వారంలోగా మీ లీడ్ ద్వారా రాయించండి అంది.

నేను లీడ్ మీద పడ్డాను. "మీకు తెలుసు కదా, అది నా పని చూసి ఇచ్చిన రేటింగ్ కాదని. మా నాన్న మిషన్ మీద ఉన్నాడు. రాయండి."

ఆయన కుర్చీలో ఇంకా చిన్నగా అయిపోయాడు. "నేనొక్కణ్ణే రాస్తే నమ్మరండి. తప్పించుకోవడానికి ఇప్పుడు కట్టిన కథ అంటారు. ఆ ఏడాది వంతు నాది, నా బదులు తను తీసుకుంది అని ఆవిడ రాస్తే, దాని వెనక నేనూ రాస్తాను. నా ఉద్యోగం పోయినా సరే రాస్తాను. అంతకంటే నా చేతిలో ఏం లేదండీ."

ఆయన అన్నది నిజమో, ఆమె రాయదని తెలిసే అన్నాడో, ఇప్పటికీ చెప్పలేను. టీంలో మిగతావాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకాయన వీసా స్టాంపింగ్‌లో ఉన్నానన్నాడు. ఒకామె నేను కనబడగానే ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేది. బిర్యానీ దగ్గర చప్పట్లు కొట్టిన చేతులే అవి. మనుషులు ఇంతేనా, ఇంత చవకా అని మండిపోయేదాన్ని. వాళ్ళను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో లెక్కలేదు. ఆమె మీద మాత్రం నమ్మకం పోలేదు.

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన మేము ఎప్పుడూ చాయ్ తాగే చోట కలిశాం. ఆమె చాయ్ ముట్టుకోలేదు. నేను అడగాల్సిన పని లేకుండానే మొదలుపెట్టింది.

"లీడ్ చెప్పారు. నువ్వడుగుతావని తెలుసు. ఆయనకి ఉద్యోగం పోయిందే. నెలవుతోంది. ఎవరికీ చెప్పలేదు." ఆయనంటే ఆమె భర్త. ఆయనదీ మా రోడ్డులోనే ఇంకో కంపెనీ. "ఇల్లంతా ఇప్పుడు నా ఒక్కదాని మీదే నడుస్తోంది. బాబుకి గుండెలో చిన్న రంధ్రం ఉందన్నారు. ఏడాది నిండాక ఆపరేషన్ చేస్తారంట. అదీ ఈ ఇన్సూరెన్స్ మీదే."

ఆమె వేళ్ళు గాజు గ్లాసు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.

"ఆ వంతు నాదని నేను రాస్తే, నిన్ను ఉంచి నన్ను తీస్తారు. అంతే కదా జరిగేది? నువ్వు నాకు చేసింది నేను చచ్చినా మర్చిపోను. కానీ రాయలేనే. నన్ను తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. రాయలేను."

"నీ బదులు తీసుకున్నందుకు కదా నాకీ గతి?"

"అవును."

ఆ 'అవును' అన్నది చూశారా, అది నన్ను పిచ్చిదాన్ని చేసింది. ఏడ్చినా, బుకాయించినా కాస్త చల్లబడేదాన్నేమో. తప్పు అని ఒప్పుకుంటూనే చేస్తానంటోంది! లేచి నిలబడి, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా, "మా నాయిన ఉసురు తగుల్తది నీకు. నీ బిడ్డకు తగుల్తది" అన్నాను. ఆమె చప్పున రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ లేడు, ఇంట్లో ఉయ్యాలలో ఉన్నాడు. అయినా అలవాటుగా అక్కడే పెట్టుకుంది. నేను రోడ్డు దాటేశాను.

ఆ రోజు నుంచి ఆమె ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. మెసేజ్‌లు వచ్చేవి. "అంకుల్ ఎలా ఉన్నారు?" అని. ప్రతిసారీ అదే మాట. చూసి, పళ్ళు కొరుక్కుని, ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని.

ఆఖరి పనిరోజు అయిపోయింది. ఏసీ హాలు అయిపోయింది. సర్కారు వారి ఉచిత డయాలసిస్ సెంటర్‌లో పేరు రాయించాను. మంచితనం తక్కువేం లేదక్కడ, మిషన్లే తక్కువ. ఖాళీ అయితే ఫోన్ చేస్తామన్నారు. అక్కడ ఖాళీ ఎలా అవుతుందో నాకు మొదట తట్టలేదు. తెలియజెప్పింది ఒకామె. నాకంటే చిన్నది, భర్తను డయాలసిస్‌కు తీసుకువచ్చేది. ఆయన మార్బుల్ పని చేసేవాడట. కొండాపూర్, నార్సింగి ఫ్లాట్లలో ఆయన పరిచిన రాళ్ళు ఎన్నో చెప్పేది. నేను కారిడార్‌లో ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలియక తిరుగుతుంటే, పక్కన కూర్చోబెట్టుకుని అంది.

"అక్కా, ఇక్కడ ఎవరో ఒకరు పోతెనే జాగ అయితది. పరేషాన్ గాకు. నీ నంబర్ ఇయ్యి, జాగ కాంగనే నేను చేస్త. వాళ్ళు ఫోన్ చేసేదాంక చూస్తె అయితలేదు, ముందుగాల వచ్చి నిలబడాలె."

మధ్యలో నాన్నకు కొన్నిసార్లు మిషన్ తప్పింది. కాళ్ళు మళ్ళీ వాచాయి. దాహం, నీళ్ళేమో తాగకూడదు. తడిబట్టతో పెదాలు తుడిచేదాన్ని. రాత్రిళ్ళు పడుకోలేక కూర్చునే ఉండేవాడు. ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది: "అక్కా, మా ఆయన పక్క మంచం పెద్దమనిషి పోయిండు. బిరాన రా." నేను చెప్పులు వేసుకున్నానో లేదో కూడా తెలియదు. ఒక మనిషి చచ్చిపోయాడన్న మాట విని అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు నాకు. ఆ మంచం నాన్నకు దొరికింది.

మా వంతు, వాళ్ళ వంతు ఒకే పూట, పక్కపక్క మంచాలు. కూరగాయలను ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండాలని ఆమే నేర్పింది. లోపల నాన్న, ఆమె భర్త ఏవో మాట్లాడుకునేవాళ్ళు. బయట మేమిద్దరం ఒకే డబ్బా తెరిచి తినేవాళ్ళం. నేను మళ్ళీ ఒకరి డబ్బాలో చెయ్యి పెట్టి తింటున్నానని నవ్వొచ్చేది.

ఒక రోజు మేము వెళ్ళేసరికి ఒక మిషన్ ఆగిపోయి ఉంది. ఆమె భర్తదే. బాగుచేసేవాడు సాయంత్రానికి గానీ రాడన్నారు. అంతకుముందే మధ్యలో సెలవొచ్చి, అందరికీ ఒక వంతు తప్పింది. నాన్న మెట్లెక్కడానికే నాలుగుసార్లు ఆగాడు. కానీ ఆమె భర్త పరిస్థితి నాన్నలా లేదు. బెంచీ మీద ముందుకు వంగి కూర్చుని, నోటితో గాలి అందుకుంటున్నాడు. పెదాలు నల్లగా అయ్యాయి. టెక్నీషియన్ వచ్చి చూసి, "పెద్ద దవాఖానకన్న తీస్కపోండ్రి, లేకుంటె ఎవరన్న వాళ్ళ జాగ ఇస్తె ముందు ఈయనను ఎక్కిస్త. జాగ పేషెంటుది, నేను గుంజుకోలేను. మీరు మీరు మాట్లాడుకోండ్రి" అన్నాడు.

ఆమె వేరేవాళ్ళ వైపు చూడనే లేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, జర మీ నాయిన జాగల మా ఆయనను ఎక్కియ్యనిస్తవా? మీ నాయినది సాయంత్రం చేస్తరట. ఆయనకు దమ్ము ఆడుతలేదక్కా."

నాన్న అప్పటికి బరువు చూసుకునే చోట, తలుపు అవతల ఉన్నాడు. ఆమె మాట ఆయన చెవిన పడలేదు. పడితే ఏం చేస్తాడో నాకు తెలుసు. చెప్పులు విడిచినంత తేలిగ్గా మంచం ఇచ్చేసి, వచ్చి ఈ బెంచీ మీద కూర్చుంటాడు. సాయంత్రం మిషన్ బాగుపడుతుందన్న నమ్మకం నాకు లేదు. బాగుపడకపోతే మళ్ళీ వంతు రెండు రోజుల తరువాతే. అన్ని రోజులు ఆయన ఆగగలడా? నాకున్నది ఆయనొక్కడే. ఇలాంటివి ఆలోచించానని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు అంత ఆలోచన కూడా లేదు. నేను లేచి, తలుపు తీసి, నాన్నను భుజం పట్టుకుని నేరుగా మంచం దాకా నడిపించాను. "ఎందుకు బిడ్డా గింత తొందర?" అన్నాడు. "టైమయింది నాయినా" అన్నాను. సూది గుచ్చేదాకా పక్కనే నిలబడ్డాను. సూది గుచ్చాక ఇక ఎవరూ లేపలేరు.

బయటికి వచ్చేసరికి ఆమె అక్కడే నిలబడి ఉంది.

"ఇయ్యలేను చెల్లె" అన్నాను.

ఆమె తిట్టలేదు. ఉసురు తగులుతుందనలేదు. అంటుందని చూశాను, అంటే బాగుండుననుకున్నాను కూడా. "సరే అక్కా" అని, భర్త చంక కింద చెయ్యి వేసి లేపింది. నేను రెండో వైపు పట్టుకోబోతే, "వద్దు, నేను తీస్కపోత" అంది. ఆటో ఎక్కించుకుని వెళ్ళారు. బెంచీ మీద మా డబ్బా, వాళ్ళ డబ్బా పక్కపక్కనే ఉండిపోయాయి.

మరునాడు ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. తరువాతి వంతుకు వెళితే టెక్నీషియన్ చెప్పాడు. "ఆయన పోయిండు మేడం. దారిలనే. ఫ్లైఓవర్ కాడ ట్రాఫిక్ల." చెబుతూ కొత్త దుప్పటి పరుస్తున్నాడు. మిషన్ బాగుపడిందట, ఆ రోజు సాయంత్రానికే. కారిడార్‌లో ఒక కుర్రాడు వాళ్ళమ్మను పట్టుకుని, చెప్పులు తారుమారుగా వేసుకుని పరుగెత్తుకొస్తున్నాడు. అతని మొహంలో ఉన్న సంతోషాన్ని నేను గుర్తుపట్టాను.

బెంచీ మీద కూర్చుని ఫోన్ తీశాను. నా స్నేహితురాలి మెసేజ్‌లు ఒకదాని కింద ఒకటి, అన్నీ ఒకటే మాట. అంకుల్ ఎలా ఉన్నారు? ఆమెను క్షమించానని కాదు. నాకు జరిగిన అన్యాయం అన్యాయమే, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. కానీ ఆ చాయ్ బండి దగ్గర ఆమె ఏడవకుండా 'అవును' అని ఎందుకందో మాత్రం తెలిసింది. మళ్ళీ ఎవరైనా వచ్చి అదే అడిగినా నేను అదే చేస్తాను. ఇది పశ్చాత్తాపం కాదు, ఉన్నమాట. "బతికున్నాడు" అని టైపు చేసి పంపాను. బాబు ఎలా ఉన్నాడని అడగడానికి వేళ్ళు రాలేదు.

లోపలి నుంచి నాన్న పిలిచాడు. మిషన్ తిరుగుతోంది. పక్క మంచం మీద ఆ కుర్రాడి తల్లి పడుకుని పైకప్పు వైపు చూస్తోంది.

"గీడ మార్బుల్ పనాయన ఉండె గద బిడ్డా, రాలేదా?"

"పొద్దుగాల టైముకు మారిండంట నాయినా."

"మంచిగైంది. మొన్న తలుపు సందులకెళ్ళి చూసిన, మస్తు ఆయాసపడుతుండె. నన్నొక మాట అడిగితె నా జాగ ఇద్దును."

"తెలుసు నాయినా" అన్నాను.

ఆయన కాళ్ళ వైపు చూశాను. వాపు తగ్గింది, చీలమండ ఎముక మళ్ళీ కనబడుతోంది. దాని మీదికి దుప్పటి లాగి, బయటికి వచ్చి కూర్చున్నాను.